సర్కిల్ చెక్కమంటే కోడిగుడ్డు చెక్కింది: కొత్తగా సీఎన్‌సీ రౌటర్ కొన్నవాళ్లకి నా పాఠాలు

టైటిల్‌లో రౌటర్ అని చూసి వైఫై వీడియో అనుకుని వచ్చినవాళ్లుంటే సారీ, ఇది ఆ రౌటర్ కాదు. ఇది చెక్క, అక్రిలిక్ లాంటివాటిని కంప్యూటర్ చెప్పిన కొలతల ప్రకారం చెక్కే మెషిన్. అయినా వచ్చారు కాబట్టి ఉండండి, మీకూ పనికొస్తుంది.

ముందు స్క్రీన్ మీద ఈ ఫొటో చూడండి. అది టేకు చెక్క. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాత ఇల్లు తీసేసినప్పుడు మిగిలిన తలుపు రెక్కలోంచి కోసిన ముక్క. మా మావయ్య కొత్త ఇల్లు కట్టుకున్నాడు. "ఒరేయ్, ఏదో మెషిన్ కొన్నావంట కదా, దీని మీద తాతయ్య పేరు చెక్కి తీసుకురా, గుమ్మం పక్కన పెడదాం" అని నా చేతిలో పెట్టాడు. గృహప్రవేశానికి ఇంకా తొమ్మిది రోజులు టైమ్ ఉంది. నేను కూడా "అదెంత పని మావయ్యా" అన్నా.

ఇప్పుడు ఫొటోలో పేరు చూడండి. మొదటి రెండు అక్షరాలు బాగానే వచ్చాయి. మూడో అక్షరం నుంచి ఎడమకి జరిగింది. చివరి అక్షరం పక్క అక్షరం మీదకి ఎక్కింది. చుట్టూ బోర్డర్ కూడా పేరును కోసుకుంటూ వెళ్లింది. అలాంటి చెక్క మళ్లీ కొనుక్కుందామంటే దొరకదు. ఆ తలుపు తాతయ్య చేయించింది.

ఎందుకిలా అయ్యిందో తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మీకు ఇరవై నిమిషాల్లో చెప్పేస్తా. ఒక్క మాటలో చెప్పాలంటే: మెషిన్ తప్పు కొలత ఇస్తే, ముందు స్క్రూడ్రైవర్ తియ్యండి, లాప్‌టాప్ కాదు. నేను సరిగ్గా దీనికి రివర్స్‌లో చేశా.

అసలు ఈ మెషిన్‌లో ఏముంటుంది

నాలాంటి బిగినర్లు ఎక్కువగా కొనేది 3018 అనే సైజు. పేరులోనే కొలత ఉంది. ఎడమ నుంచి కుడికి 300 ఎంఎం, ముందు నుంచి వెనక్కి 180 ఎంఎం. అంటే 30 సెంటీమీటర్లు, 18 సెంటీమీటర్లు. ఎడమ-కుడి కదలికని ఎక్స్ అంటాం, ముందు-వెనకని వై, పైకి-కిందకి జడ్.

ఒక్కో యాక్సిస్‌కి ఒక స్టెప్పర్ మోటర్ ఉంటుంది. ఇది ఫ్యాన్ మోటర్ లాగా తిరుగుతూ పోదు. చిన్న చిన్న అడుగులు వేస్తుంది. ఒక్క చుట్టుకి 200 అడుగులు, అంటే ఒక్కో అడుగు 1.8 డిగ్రీలు. మోటర్‌కి ఒక పొడవాటి మరల రాడ్డు తగిలించి ఉంటుంది, దాన్ని లీడ్ స్క్రూ అంటారు. రాడ్డు తిరిగితే దాని మీదున్న నట్టు ముందుకో వెనక్కో జరుగుతుంది. మోటర్ షాఫ్ట్‌నీ ఈ రాడ్డునీ కలిపే చిన్న అల్యూమినియం ముక్క పేరు కప్లర్. ఈ కప్లర్‌ని గుర్తుపెట్టుకోండి. నా కథలో విలన్ అదే.

మెదడు ఒక చిన్న కంట్రోల్ బోర్డు. అందులో నడిచే ప్రోగ్రామ్ చాలా మెషిన్లలో జీఆర్‌బీఎల్. నార్వేకి చెందిన సిమెన్ స్వాలే స్కోగ్సెత్ 2009లో దీన్ని మొదలుపెట్టాడు. ఓపెన్ సోర్స్, ఆర్డుయినో ఊనో మీద నడుస్తుంది. లాప్‌టాప్‌లోంచి జీ-కోడ్ అనే ఆర్డర్లు ఒక్కో లైనుగా పంపిస్తాం, బోర్డు మోటర్లని తిప్పుతుంది.

ఇక్కడ చాలామంది మిస్ అయ్యే విషయం ఒకటుంది. ఈ మెషిన్‌కి కళ్లు లేవు. "100 ఎంఎం జరుగు" అంటే ఇన్ని అడుగులు వెయ్యమని మోటర్‌కి చెప్తుంది, అంతే. నిజంగా జరిగిందా లేదా అని వెనక్కి తిరిగి చూడదు. మధ్యలో జారినా, ఇరుక్కున్నా, స్క్రీన్ మీద మాత్రం 100 అనే చూపిస్తుంది. అందుకే స్క్రీన్ మీద నంబర్‌ని నమ్మకండి, చెక్క మీద కొలతని నమ్మండి.

నేను చేసిన తప్పు

మెషిన్ బిగించాక ఫస్ట్ టెస్ట్‌గా 50 ఎంఎం సర్కిల్ చెక్కించా. కోడిగుడ్డు వచ్చింది. ఎక్స్ వైపు నొక్కుకుపోయి ఉంది. సరే అని 100 ఎంఎం జరగమని చెప్పి కొలిచా. 98.5 వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి. నంబర్ తప్పొస్తే చెయ్యి ఆటోమేటిక్‌గా సెట్టింగ్స్ మీదకి పోతుంది. జీఆర్‌బీఎల్‌లో $$ అని టైప్ చేస్తే సెట్టింగ్స్ లిస్ట్ వస్తుంది. అందులో $100 అంటే ఎక్స్ యాక్సిస్ ఒక ఎంఎం జరగడానికి ఎన్ని స్టెప్స్ కావాలో చెప్పే నంబర్. $101 వైకి, $102 జడ్‌కి. నా మెషిన్‌లో 800 ఉంది. ఫార్ములా సింపుల్: పాత నంబర్‌ని చెప్పిన దూరంతో గుణించి, వచ్చిన దూరంతో భాగించాలి. 800 ఇంటూ 100 బై 98.5. ఆన్సర్ 812.18. అది ఎంటర్ చేశా, మళ్లీ సర్కిల్ చెక్కించా, గుండ్రంగా వచ్చింది. ఇంకేముంది, టికెట్ క్లోజ్.

మర్నాడు పొద్దున టేకు చెక్క పెట్టా. ఏమైందో ఫొటోలో చూశారు.

అప్పుడు మా ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్ పని జరుగుతోంది. కార్పెంటర్ మేస్త్రి వచ్చి చెక్క చూశాడు, మెషిన్ చూశాడు. కంప్యూటర్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. స్పిండిల్ ఉన్న భాగాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపాడు. టక్ టక్ మని సౌండొచ్చింది. "ఇది ఆడుతోంది బాబూ. ఆడేదానికి లెక్కలెందుకు? ముందు బిగించు" అన్నాడు.

చూస్తే కప్లర్‌లో ఉండే చిన్న గ్రబ్ స్క్రూ లూజ్‌గా ఉంది. మోటర్ తిరుగుతోంది, కానీ రాడ్డు అప్పుడప్పుడు జారుతోంది. మొదటి రోజు 1.5 ఎంఎం జారింది. చెక్క గట్టిగా తగిలేసరికి ఇంకా ఎక్కువ జారింది. అసలు కామెడీ ఏంటంటే, స్క్రూ బిగించి మళ్లీ 100 ఎంఎం కొలిస్తే ఈసారి 101.5 వచ్చింది. ఎందుకంటే నేను పెట్టిన 812 ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఒక తప్పుని కప్పడానికి పెట్టిన నంబర్, అసలు తప్పు పోయాక ఇంకో తప్పయ్యింది. ఆఫీసులో ఇలాంటి వర్క్‌అరౌండ్‌లు ఎన్ని చూశానో, ఇంట్లో నేనే పెట్టుకున్నా.

సరే, ఇప్పుడు కరెక్ట్ ఆర్డర్‌లో వెళ్దాం. ఈ ఆర్డర్ మార్చకండి. ప్రతి స్టెప్ ముందు స్టెప్ మీద ఆధారపడి ఉంటుంది.

మొదటిది: బిగించడం

మెషిన్‌ని మంచం మీదో, ఊగే టేబుల్ మీదో బిగించకండి. మన ఇళ్లలో దొరికే బాగా సమతలమైన చోటు వంటింటి గ్రానైట్ బండ. అమ్మని అడిగి ఒక పూట తీసుకోండి. ఫ్రేమ్‌ని బండ మీద పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయా, ఎక్కడైనా ఎగుడుదిగుడుగా ఊగుతోందా చూడండి. ఊగితే బోల్టులు కొంచెం వదులు చేసి, బండకి ఆనేలా నొక్కి పట్టుకుని మళ్లీ బిగించండి. తర్వాత రెండు కర్ణాలు కొలవండి. అంటే ఈ మూల నుంచి ఎదురు మూలకి, ఆ మూల నుంచి దాని ఎదురు మూలకి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేమ్ మూలమట్టానికి ఉన్నట్టు.

తర్వాత కప్లర్లు. మోటర్ షాఫ్ట్‌కి ఒక పక్క చదునుగా ఉంటే, ఒక గ్రబ్ స్క్రూ ఆ చదును మీదకే రావాలి. గుండ్రటి వైపు బిగిస్తే కొన్నాళ్లకి జారుతుంది. బిగించాక ఒక పర్మనెంట్ మార్కర్ తీసుకుని షాఫ్ట్ మీద నుంచి కప్లర్ మీదకి, అక్కడి నుంచి లీడ్ స్క్రూ మీదకి ఒకే గీత గియ్యండి. ఇది పది రూపాయల ట్రిక్. రేపెప్పుడైనా కొలత తేడా వస్తే ముందు ఈ గీత చూడండి. గీత విరిగి పక్కకి పోయుంటే కప్లర్ జారినట్టే, ఇంక వేరే ఏదీ వెతకక్కర్లేదు. నేను ఈ గీత మొదటి రోజే గీసుంటే ఈ ఎపిసోడే ఉండేది కాదు.

ఇంకో జాగ్రత్త. పవర్ ఆన్‌లో ఉండగా మోటర్ వైరు పీకొద్దు, పెట్టొద్దు. బోర్డు మీదుండే డ్రైవర్ చిప్ కాలిపోవచ్చు.

రెండోది: మూడు కొలతలు

ఈ భాగం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నేను ఒక్కసారే, ఒక్క దూరమే కొలిచా. అది తప్పు. స్పిండిల్‌కి మొనదేలిన వీ-బిట్ పెట్టండి, స్పిండిల్ తిప్పొద్దు. కింద మాస్కింగ్ టేపు అంటించండి. బిట్‌ని దించి ఒక చుక్క పొడవండి. పైకి లేపి, 10 ఎంఎం జరిపి ఇంకో చుక్క. మళ్లీ మొదటి నుంచి 50 ఎంఎం. మళ్లీ మొదటి నుంచి 100 ఎంఎం. ప్రతిసారీ బయల్దేరే చోటుకి కుడి నుంచి ఎడమకి వచ్చి, అక్కడే మొదటి చుక్క పొడిచి, తర్వాత కుడికి జరగండి. అంటే ప్రతి కొలతలో ఒకసారి దిశ మారుతుంది. మొత్తం ఇలా మూడుసార్లు చెయ్యండి. వెర్నియర్ కాలిపర్‌తో చుక్కల మధ్య దూరం కొలిచి రాసుకోండి.

ఇప్పుడు తేడాలు చూడండి. మూడు రకాలుగా వస్తాయి.

ఒకటి, దూరం పెరిగేకొద్దీ తేడా కూడా అదే లెక్కలో పెరుగుతోంది. 10కి 0.1 తక్కువ, 50కి 0.5 తక్కువ, 100కి 1 తక్కువ. ఎన్నిసార్లు చేసినా అంతే. అప్పుడు మాత్రమే సెట్టింగ్‌లో నంబర్ అనుమానించాలి.

రెండు, దూరం ఎంతైనా తేడా ఒక్కటే. 10కి 9.7, 50కి 49.7, 100కి 99.7. దీన్ని బ్యాక్‌లాష్ అంటారు. నట్టుకీ మరలకీ మధ్య కొంచెం ఖాళీ ఉంది. దిశ మారిన ప్రతిసారీ ఆ ఖాళీ నిండేదాకా రాడ్డు తిరుగుతుంది కానీ ఏదీ కదలదు. పాత సైకిల్ పెడల్ వెనక్కి తొక్కి మళ్లీ ముందుకి తొక్కితే కాసేపు పట్టు దొరకదు చూడండి, అలాగే. దీనికి మందు స్ప్రింగ్ ఉండే యాంటీ-బ్యాక్‌లాష్ నట్టు. ఒరిజినల్ జీఆర్‌బీఎల్‌లో బ్యాక్‌లాష్‌ని సరిచేసే సెట్టింగ్ లేదు, కాబట్టి అక్కడ వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

మూడు, తేడాకి ఒక పద్ధతే లేదు. ఒకసారి 98.5, ఒకసారి 99.1, ఒకసారి 97.8. ఇది జారుడు. కప్లర్ లూజ్ అయినా కావచ్చు, మోటర్ స్టెప్స్ మిస్ అవుతున్నా కావచ్చు. రాడ్ల మీద దుమ్ము పేరుకుందా, పవర్ ఆఫ్ చేసి చేత్తో తిప్పితే ఎక్కడైనా బిగుసుకుంటోందా చూడండి. అంతా ఫ్రీగా ఉంటే స్పీడు తగ్గించి చూడండి. $110 ఎక్స్ గరిష్ఠ వేగం, $120 ఎక్స్ యాక్సిలరేషన్. రెండూ తగ్గించాక కొలత నిలకడగా వస్తే, మోటర్‌ని దాని శక్తికి మించి పరిగెత్తించామని అర్థం.

నాది మూడో రకం. నేను మొదటి రకం మందు వేశా. తేడా అక్కడే వచ్చింది.

మూడోది: 800 ఎక్కడి నుంచి వచ్చింది

ఈ నంబర్ ఎవరో ఊహించి పెట్టింది కాదు. మోటర్ ఒక చుట్టుకి 200 అడుగులు అన్నాను కదా. డ్రైవర్ చిప్ ఒక్కో అడుగుని 16 భాగాలు చేస్తుంది, దీన్ని మైక్రోస్టెప్పింగ్ అంటారు. 200 ఇంటూ 16 అంటే 3200. లీడ్ స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్టు 4 ఎంఎం జరుగుతుంది. 3200 బై 4, ఆన్సర్ 800. అంతే, హైస్కూల్ లెక్క.

మీ స్క్రూ ఒక చుట్టుకి 8 ఎంఎం జరిపే రకమైతే 400 రావాలి. 2 ఎంఎం రకమైతే 1600. కాబట్టి 100 ఎంఎం చెప్తే సరిగ్గా 50 వచ్చిందా, 200 వచ్చిందా, కంగారు పడకండి. అది మంచి వార్త. స్క్రూ రకం గానీ మైక్రోస్టెప్ జంపర్ గానీ సెట్టింగ్‌తో మ్యాచ్ కాలేదని అర్థం. కరెక్ట్ నంబర్ లెక్కేసి, $100=400 అన్నట్టుగా టైప్ చేసి ఎంటర్ కొడితే అయిపోతుంది.

కానీ 812 లాంటి వింత నంబర్ వచ్చిందంటే ఆగండి. మరల రాడ్డు ఇనుము, దాని పిచ్ రాత్రికి రాత్రి మారదు. స్క్రూతో నడిచే మెషిన్‌లో లెక్క 800 అని చెప్తూ, కొలత 812 అంటుంటే, ముందు కొలతనీ బిగింపునీ అనుమానించండి. బెల్టుతో నడిచే మెషిన్ అయితే కథ కొంచెం వేరు. బెల్టు సాగుతుంది, టెన్షన్ సరిచూశాక అక్కడ నంబర్‌ని కొద్దిగా అడ్జస్ట్ చెయ్యడం మామూలే.

ఇంకో చిన్న టిప్. ఫైనల్ నంబర్ కోసం 10 ఎంఎం కొలిచి లెక్కెయ్యకండి. కొలవడంలో మన చెయ్యి 0.1 తేడా చేసిందనుకోండి, 10 ఎంఎం మీద అది ఒక శాతం. 100 ఎంఎం మీద అదే తేడా 0.1 శాతం. మెషిన్ ఎంత పొడవు జరగగలదో అంత పొడవు కొలవండి.

నాలుగోది: మూలమట్టం

కొలతలు కరెక్ట్ వచ్చినా, ఎక్స్, వై ఒకదానికొకటి 90 డిగ్రీల్లో లేకపోతే చతురస్రం పక్కకి వాలిపోతుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు తాడుతో 3-4-5 లెక్క వేస్తారు చూశారా, అదే ఇక్కడ కూడా. మొదట ఒక చుక్క. అక్కడి నుంచి ఎక్స్ వైపు 160 ఎంఎం దగ్గర ఇంకో చుక్క. మొదటి చుక్క నుంచి వై వైపు 120 ఎంఎం దగ్గర మూడోది. ఇప్పుడు రెండో చుక్కకీ మూడో చుక్కకీ మధ్య దూరం సరిగ్గా 200 రావాలి. 200.5 వచ్చిందంటే 120 ఎంఎం పొడవులో గీత 0.6 ఎంఎం పక్కకి పోయినట్టు. ఫ్రేమ్ బోల్టులు వదులు చేసి, కొద్దిగా తోసి, మళ్లీ బిగించి, మళ్లీ కొలవండి. ఇది కూడా సెట్టింగ్స్‌తో అయ్యే పని కాదు.

ఐదోది: బెడ్, స్పిండిల్ నిలువుగా ఉండటం

మన తెలుగులో చెక్కేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో సగం నిలువు గీతలే. మన అక్షరాలన్నీ వంపులు. ఒక్క అక్షరం పూర్తయ్యేలోపు ఎక్స్, వై రెండూ ఎన్నోసార్లు దిశ మార్చుకుంటాయి. అందుకే బ్యాక్‌లాష్ ఉంటే మన అక్షరంలో వెంటనే కనపడుతుంది. గుండ్రంగా ఉండాల్సిన చోట పైనా కిందా, పక్కల్లో చిన్న చదును మచ్చలు పడతాయి.

రెండోది లోతు. అక్షరాలు వీ-బిట్‌తో చెక్కుతాం. బిట్ ఎంత లోపలికి దిగితే గీత అంత వెడల్పవుతుంది. 60 డిగ్రీల బిట్ 1 ఎంఎం దిగితే గీత వెడల్పు సుమారు 1.15 ఎంఎం. చెక్క ఒక పక్క అర ఎంఎం కిందకి ఉందనుకోండి, అక్కడ గీత సగానికి సగం సన్నబడుతుంది. పేరు ఒక వైపు బోల్డ్‌గా, ఇంకో వైపు పెన్సిల్‌తో రాసినట్టు ఉంటుంది. వత్తులైతే కొన్ని చోట్ల అసలు కనపడవు.

దీనికి పరిష్కారం: బెడ్ మీద ఒక ఎండీఎఫ్ షీటు బిగించండి, దీన్ని స్పాయిల్‌బోర్డు అంటారు. చదును బిట్‌తో దాని పైపొరని 0.3 ఎంఎం అంతటా గీయించండి. మెషిన్ తనకి తానే సమతలం చేసుకున్నట్టు. గీసిన తర్వాత గోరు పెట్టి అడ్డంగా లాగండి. మెట్లు మెట్లుగా తగులుతోందంటే స్పిండిల్ ఒక పక్కకి వాలి ఉంది. పవర్ తీసేసి, స్పిండిల్‌కి ఎల్ ఆకారంలో వంచిన గట్టి తీగ బిగించి, చేత్తో చుట్టూ తిప్పండి. తీగ కొన నాలుగు వైపులా బెడ్‌కి ఒకే ఎత్తులో ఉండాలి. వాలిన చోట మౌంటు వెనకాల కూల్‌డ్రింక్ టిన్ను నుంచి కత్తిరించిన రేకు ముక్క పెట్టి బిగించండి. ఆ రేకు మందం సుమారు 0.1 ఎంఎం. చాలాసార్లు ఒకటి రెండు ముక్కలు సరిపోతాయి.

ఆరోది: జీరో ఎక్కడ

పని మొదలయ్యే చోటుని మెషిన్‌కి మనమే చూపించాలి. ఎక్స్, వైకి చెక్క మూల. జడ్‌కి చెక్క పైభాగం. జడ్ కోసం చెక్క మీద ప్రింటర్ పేపర్ పెట్టి, బిట్‌ని 0.1 ఎంఎం చొప్పున దించుతూ పేపర్‌ని కదపండి. పేపర్ కొంచెం పట్టినట్టు అనిపించగానే ఆపి జీరో కొట్టండి. పేపర్ మందం కూడా దాదాపు 0.1 ఎంఎం, ఆ మాత్రం గుర్తుపెట్టుకుంటే చాలు.

మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. లిమిట్ స్విచ్‌లు లేని మెషిన్‌కి కరెంటు వచ్చాక తానెక్కడుందో తెలీదు, ఉన్న చోటే జీరో అనుకుంటుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు జీరో దగ్గర స్పాయిల్‌బోర్డు మీద ఒక చిన్న చుక్క పొడిచి పెట్టుకోండి. చెక్క కదపకుండా ఉంటే, ఆ చుక్క దగ్గరికి మళ్లీ వచ్చి కొనసాగించొచ్చు.

ఫైల్ రన్ చేసే ముందు మొదటి లైన్లలో జీ21 ఉందో, జీ20 ఉందో చూడండి. 21 అంటే ఎంఎం, 20 అంటే అంగుళాలు. పొరపాటున మారితే మీ డిజైన్ 25.4 రెట్లు పెరుగుతుంది, మెషిన్ వెళ్లి ఫ్రేమ్‌ని గుద్దుకుంటుంది. ఇంకా డౌట్ ఉంటే జడ్ జీరోని చెక్కకి 10 ఎంఎం పైన, చెక్కే లోతు కంటే ఎక్కువ ఎత్తులో పెట్టి, ఫైల్ మొత్తం గాలిలో ఒకసారి నడిపించండి. బోర్ కొట్టినా చూస్తూ కూర్చోండి. క్లాంపుని బిట్ తగిలేలా ఉంటే అప్పుడే తెలుస్తుంది.

ఏడోది: ఎంత స్పీడు, ఎంత లోతు

ఇది కూడా లెక్కే. స్పిండిల్ నిమిషానికి 9000 సార్లు తిరుగుతోంది, బిట్‌కి రెండు పళ్లున్నాయి, ఒక్కో పన్ను 0.03 ఎంఎం చెక్క తియ్యాలి అనుకుందాం. మూడూ గుణిస్తే 540. అంటే నిమిషానికి 540 ఎంఎం వేగం. లోతు మొదట్లో ఒక్కో విడతకి 0.5 ఎంఎం మించొద్దు. 3018 స్పిండిల్ చిన్నది, దాంతో బలప్రదర్శన వద్దు.

మెషిన్ కింద రాలేది చూడండి. చిన్న చిన్న పొట్టులా రాలితే బిట్ కోస్తోంది. పిండిలా రాలుతూ కాలిన వాసనొస్తే బిట్ కొయ్యట్లేదు, రుద్దుతోంది. అప్పుడు చాలామంది స్పీడు ఇంకా తగ్గిస్తారు, ఇంకా కాలుతుంది. ముందుకి జరిగే వేగం కొంచెం పెంచాలి, లేదా స్పిండిల్ తిరిగే వేగం తగ్గించాలి. బిట్ మొద్దుబారిందేమో కూడా చూడండి.

బిట్ బిగించే కోలెట్‌ని ముందు నట్టులో టక్ మనేలా కూర్చోబెట్టి, తర్వాత స్పిండిల్‌కి ఎక్కించండి. నేరుగా స్పిండిల్‌లో వేసి పైన నట్టు తిప్పితే బిట్ సెంటర్‌లో తిరగదు.

ప్రాణం ముఖ్యం

కళ్లకి సేఫ్టీ గ్లాసులు లేకుండా ఆన్ చెయ్యొద్దు. మూడు ఎంఎం బిట్ విరిగితే ఎటు ఎగురుతుందో తెలీదు. ఎండీఎఫ్ పొడి చాలా సన్నం, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. తిరిగే స్పిండిల్ దగ్గర గ్లౌజులు వద్దు, అవి చుట్టుకుని చేతిని లాగేస్తాయి. చేతికి కట్టుకున్న దారాలు, మెడలో ఐడీ కార్డు ట్యాగ్, వదిలేసిన జుట్టు, చున్నీ, అన్నీ అంతే. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ చెయ్యి అందే చోట ఉండాలి. "ఒక్క నిమిషం టీ తాగొస్తా" అని రన్ అవుతున్న మెషిన్‌ని వదిలి వెళ్లొద్దు. బిట్ రుద్దుకుంటే చెక్క అంటుకునే ఛాన్సుంది. లాప్‌టాప్‌లో స్లీప్ మోడ్, అప్‌డేట్లు ఆపెయ్యండి.

చివరికి ఏమైంది

నేను 812ని తీసేసి 800 పెట్టా. స్క్రూలన్నీ బిగించి మార్కర్ గీతలు గీశా. యాంటీ-బ్యాక్‌లాష్ నట్టు వేశా. తర్వాత ఎండీఎఫ్ ముక్కల మీద 50 ఎంఎం సర్కిల్, 50 ఎంఎం చతురస్రం, ఆ తర్వాత పెద్ద సైజులో ఠ అనే అక్షరం చెక్కుతూ కూర్చున్నా. ఠ ఎందుకంటే, చుట్టూ గుండ్రం, లోపల చుక్క. గుండ్రం మొదలైన చోటే వచ్చి కలవకపోయినా, చుక్క పక్కకి జరిగినా దొరికిపోతుంది. పదకొండో ఠ కరెక్ట్‌గా వచ్చింది. మీరు కూడా మంచి చెక్క ముట్టుకునే ముందు ఇవి మూడు చెక్కండి. ఎండీఎఫ్ ముక్క పోతే పోయేది కొన్ని రూపాయలే.

గృహప్రవేశం నాటికి పేరు రెడీ కాలేదు. గుమ్మం పక్కన ఫ్లెక్స్ ప్రింట్ ఒకటి పెట్టుకున్నారు. మావయ్య ఏమీ అనలేదు, దాంతో ఇంకా బాధేసింది. రెండు వారాల తర్వాత మేస్త్రి ఆ చెక్కని వెనక్కి తిప్పి, చిత్రిక పట్టి నునుపు చేసిచ్చాడు. దాని మీద మళ్లీ చెక్కా. ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మెషిన్ పక్క నుంచి కదల్లేదు.

ఇప్పుడది మావయ్య వాళ్ల గుమ్మం పక్కన ఉంది. సరిగ్గా వచ్చిన పేరు బయటికి, తప్పొచ్చిన పేరు గోడ వైపుకి. అమ్మమ్మ దాన్ని చేత్తో తడిమి, "గుండ్రంగా రాశావురా" అంది. నేను రాయలేదు అమ్మమ్మా, మెషిన్ రాసింది అనబోయి ఆగిపోయా.

మీ దగ్గర మెషిన్ ఉంటే ఇవాళే ఒక మార్కర్ తీసుకుని కప్లర్ మీద గీత గియ్యండి. మూడు కొలతలు తీసి, మీ తేడా ఏ రకమో కామెంట్‌లో రాయండి, కలిసి చూద్దాం. ఈ ఎపిసోడ్ పనికొస్తుంది అనుకుంటే, మెషిన్ కొనే ఆలోచనలో ఉన్న ఫ్రెండ్‌కి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.